నర్సమ్మ చేతిలో మిగిలిన బియ్యం

మా తమ్ముడి కూతురు మౌనిక మొన్న ఎండలు తగ్గే వేళకు ఖమ్మంలో మా ఇంటికి వచ్చింది. కడుపుతో ఉన్న పిల్లవు, చర్ల అవతలి నుంచి అంత దూరం బస్సులో ఎందుకొచ్చావే అని తిట్టడానికి నోరు తెరిచానో లేదో, చెప్పులైనా విడవకుండా ఫోను తీసి నా మొహానికి ఆనించింది. అందులో మా గుంపు కనబడింది. మా వైపు అడవిలో చిన్న పల్లెల్ని గుంపులంటారు. నేను పుట్టి పెరిగిన గుంపు అది. సబ్ సెంటరు తలుపుకు తాళం వేసి ఉంది, ముందు ఆడవాళ్ళు గుమిగూడి ఉన్నారు. కాసేపటికి నర్సు స్కూటీ మీద వచ్చింది. "ఏంది సిస్టర్, ఇదేనా డ్యూటీకి వచ్చే టైము? వాగొస్తె మేం గిక్కడ్నే సావాల్నా?" అని మౌనిక గొంతు. నర్సు ఏదో చెప్పబోయి, చున్నీ మొహానికి అడ్డం పెట్టుకుంది. వీడియో అంతే. దాన్ని జిల్లా అంతా చూసిందట. చూసిన ఆఫీసర్లు నర్సును అక్కణ్ణుంచి తీసేశారట.

"గెలిచినం అత్తా!" అంది మౌనిక, అప్పుడు కూర్చుంటూ. దాని మొహం వెలిగిపోతోంది. గుంపుల్లోని ఆడపిల్లలంతా కలిసి ఒక సంఘం పెట్టుకున్నారు, ఆ సంఘం గెలుపుల్లో ఇదే పెద్దది. ఇప్పుడు చుట్టుపక్కల గుంపుల వాళ్ళు కూడా మాకు నేర్పండని పిలుస్తున్నారట. మీటింగు ఎట్లా పెట్టాలి, అర్జీ ఎట్లా ఇవ్వాలి, ఆఫీసుకు వెళితే ఎవరు మాట్లాడాలి, ఇవన్నీ ఒక చిన్న పుస్తకంగా రాసిమ్మని నన్ను అడగడానికి వచ్చింది. "నువ్వు గన్ని పుస్తకాలు రాసినవ్ గదా అత్తా, మాకొక్కటి రాసియ్యలేవా?"

నేను మెచ్చుకుంటానని ఎదురుచూస్తోంది పాపం. నాకేమో వేరే మాట నోటికొచ్చింది. "మరి ఇప్పుడక్కడ నర్సు ఎవరే?"

"ఇంకా ఎవ్వర్ని వెయ్యలే. వేస్తమన్నరు."

"ఎవరన్నరు? ఎప్పటిలోగ అన్నరు?"

"ఆఫీసుల అన్నరు అత్తా. జల్దీనే వేస్తరు." దాని గొంతులో కొంచెం విసుగు వచ్చింది.

వానలు ముందున్నాయి. మా వాగు మీద వంతెనకు స్తంభాలు లేచి ఏళ్ళయింది, పైన స్లాబు పడలేదు. వాగు పొంగితే అంబులెన్సు అవతల గట్టున, మనం ఇవతల గట్టున. ఈ పిల్ల ప్రసవం సరిగ్గా ఆ వానల్లో వస్తుంది. "నువ్వు ఇక్కడే ఉండిపో, పురుడు నేను పోస్త" అన్నాను. మౌనిక తల అడ్డంగా ఊపింది. "నాకైతె ఖమ్మంల అత్త ఉన్నది. మా గుంపుల ఇంకా కడుపులున్నోల్లున్నరు, వాల్లకెవరున్నరు? లొల్లి పెట్టించింది నేను. నేనొచ్చి నీ ఇంట్ల ఫ్యాను కింద కూసుంటె రేపు వాల్ల మొహం ఎట్ల చూడాలె?" అంది. కోపం వచ్చింది నాకు. కోపం నాకు తొందరగా వస్తుంది, అది మా మేనత్త నుంచి వచ్చిన ఆస్తి. కానీ పిల్ల అన్నదాంట్లో తప్పేముంది? అచ్చం కోటమ్మత్త మాట్లాడినట్టే ఉంది. అందుకే నాకు మరింత భయం వేసింది.

కోటమ్మత్త మా నాన్నకు అక్క. మొగుడు పోయాక మా ఇంటికి వచ్చేసింది. వచ్చిన వారానికే మా ఇల్లు ఆమెదయింది. కాదని చెప్పే ధైర్యం మా నాన్నకు లేదు, మా అమ్మకు అసలే లేదు. కోడి కూయకముందే లేచి వాకిలంతా పేడనీళ్ళు చల్లేది. చల్లుతున్నంత సేపూ ఎవరినో ఒకరిని తిడుతూ ఉండేది. వాకిలి ఆరేసరికి తిట్లూ ఆరిపోయేవి. తర్వాత అరుగు మీద కూర్చుని చుట్ట ముట్టించేది. ఎండాకాలంలో మా వాకిట్లో ఇప్పపువ్వు ఆరబోసేవాళ్ళం. మగ్గిన ఆ తీపి వాసన, పక్కనే కట్టలు కట్టిన తునికాకు పచ్చి వాసన, వాటి మీద అత్త చుట్ట కంపు. ఇప్పటికీ బీడీ కాల్చే మనిషి పక్కనుంచి పోతే నా ముక్కు మా వాకిలిని వెతుక్కుంటుంది. చిన్నప్పుడు ఆ కంపుకు ఛీ ఛీ అని ముక్కు మూసుకునేదాన్ని. "మూసుకో మూసుకో, నీ మొగుడు తాగేటోడే దొరుకుతడు తీ" అని దీవించేది అత్త.

మా గుంపులో ఏ పెళ్ళయినా పిలుపులకు అత్తే వెళ్ళాలి. బొట్టు పెట్టి పిలవడం అందరూ చేస్తారు. అత్త పిలిచిన ఇంటివాళ్ళు మాత్రం తప్పకుండా వచ్చేవాళ్ళు. ఎట్లా అంటే, ఆమె "వస్తరా?" అని అడిగేది కాదు. "ఆ దినం మీ బర్రెను ఎవరు తోలుతరు? ముసలామెకు గంజి ఎవరు పోస్తరు?" అని అడిగేది. దానికి వాళ్ళ దగ్గర జవాబు లేకపోతే అక్కడే కూర్చుని జవాబు దొరికేదాకా లేచేది కాదు. రావాలని అందరికీ ఉంటుందని, బర్రె దగ్గరే ఆగిపోతారని ఆమె లెక్క. అంతకంటే పెద్దది ఆమె బియ్యం పద్ధతి. నలుగురూ కలిసి ఏ పని తలపెట్టినా ముందు చాట చంకన పెట్టుకుని ఇల్లిల్లూ తిరిగేది. ఇంటికి పిడికెడు బియ్యం. ఆ బియ్యమంతా ఒక్క గుండిగలో వండి, అందరం వరసగా కూర్చుని తింటూ మాట్లాడుకోవడమే మా మీటింగు. "నోటితోని అవ్ అవ్ అన్నోల్లు రారే. పిడికిలి ఇప్పినోల్లు వస్తరు" అనేది నాతో. నవ్వుతూ తలూపి బియ్యం పెట్టని ఇంటికి మళ్ళీ మళ్ళీ వెళ్ళేది. దుమ్మెత్తిపోసి బియ్యం పెట్టిన ఇంటిని ఇక తిరిగి చూసేది కాదు, వాళ్ళు మనవాళ్ళయిపోయినట్టే. మౌనిక వాళ్ళ సంఘంలో ఇప్పుడు ఏది అడిగినా ఫోన్లలో అందరూ బొటనవేలు బొమ్మ పెడతారు. ఆ వేలు వెనక బర్రె ఉందో, ముసలామె ఉందో ఎవరికి కనబడుతుంది?

ఒక ఏడు మా సరోజక్క మొదటి కాన్పుకు పుట్టింటికి వచ్చింది. నేను పదో తరగతి పాసయి, పై చదువుకు పంపుతారా లేదా అని ఇంట్లో తిరుగుతున్న రోజులు. అంతకు ముందటి వానాకాలంలో అక్క ఈడు మనిషి ఒకామె వాగు పొంగి ఇవతల గట్టునే నొప్పులతో చచ్చిపోయింది. దవాఖానా వాగుకు అవతల, నర్సు ఉండేదీ అవతలే. అక్క ఆ చావును తలుచుకుని అన్నం ముందు కూర్చుని కలుపుతూ ఉండిపోయేది, తినేది కాదు. ఒకరోజు అత్త అది చూసి చాట అందుకుంది. వానాకాలమంతా నర్సు మా గుంపులోనే ఉండాలి, అది సాధించేదాకా ఊరుకునేది లేదని బయల్దేరింది. అన్ని ఇళ్ళూ బియ్యం పెట్టాయి.

ఆఫీసరు దగ్గరికి వెళ్ళేముందు అత్త మా వాకిట్లో అందరికీ నేర్పింది. నులక మంచం మీద కాలు మీద కాలు వేసుకుని, మా నాన్న తువ్వాల భుజాన వేసుకుని, చుట్ట నోట్లో పెట్టుకుని తనే ఆఫీసరైంది. "ఏందమ్మా మీ లొల్లి? జల్దీ చెప్పుండ్రి, నాకు పనున్నది" అంది గొంతు బొంగురు చేసి. మొదట మా అమ్మను తోశారు. మా అమ్మ పైట నోటికడ్డం పెట్టుకుని "మాకు నర్సు కావాలయ్యా" అంది.

"నర్సు లేదు. పో."

మా అమ్మ నిజంగానే వెనక్కి తిరిగి నడిచి వచ్చేసింది. ఆడవాళ్ళు పడీ పడీ నవ్వారు. అక్క కూడా పొట్ట పట్టుకుని నవ్వింది. ఆమె నవ్వడం ఆ ఏడు నేను చూసింది అప్పుడే. అత్త మంచం దిగి వచ్చింది. "పో అంటె పోతవా? అది ఆయన ఇల్లా? కూసో. నిలబడ్డోన్ని పంపుడు అల్కగ, కూసున్నోన్ని లేపుడు కష్టం" అంది. ఒక్కరే మాట్లాడకూడదని కూడా అప్పుడే పెట్టింది. ఒక్కరే మాట్లాడితే ఆ ఒక్కరినీ బెదిరిస్తారు, లేకపోతే మంచి చేసుకుంటారు. ఏం జరిగిందో ఒకరు చెప్పాలి, ఏం కావాలో ఇంకొకరు చెప్పాలి, ఎప్పటిలోగా అని మూడో మనిషి అడగాలి. ఆ మూడోది మా అమ్మకిచ్చింది. అమ్మ పొయ్యి ఊదుకుంటూ, గిన్నెలు తోముకుంటూ "ఎప్పటిలోగ సారూ, ఎప్పటిలోగ సారూ" అని పాఠం అప్పజెప్పినట్టు అంటూ తిరిగింది.

భద్రాచలం ఆఫీసు వరండాలో మేమంతా కూర్చున్నాం. బంట్రోతు లేవమన్నాడు, ఎవరూ లేవలేదు. ఆఫీసరు బయటికొచ్చి విన్నాడు, చూస్తాం అన్నాడు. అప్పుడు మా అమ్మ, పరాయి మగవాడి ముందు ఎన్నడూ నోరు విప్పని మా అమ్మ, "ఎప్పటిలోగ సారూ?" అంది. ఆయన కాస్త తికమకపడి వానలు పడేలోపు అన్నాడు. అత్త వెంటనే మా వైపు తిరిగి "ఇన్నరా? వానలు పడేలోపు నర్సును పంపుతరట సారు" అంది. మేమంతా ఆ మాటనే పెద్దగా మళ్ళీ అన్నాం. ఆ రోజు గోదావరి పక్క రోడ్డు మీద నడుస్తుంటే మా అమ్మ అందరికంటే ముందుంది. నాకు ఆమె అంత పొడుగ్గా ఎప్పుడూ కనిపించలేదు. నిజంగానే తొలకరికి ముందే నర్సు వచ్చింది. డప్పులు కొట్టి మరీ వాగు దాటించాం.

ఆమె పేరు సుశీల. గోదావరి దిగువ జిల్లాల నుంచి వచ్చిన పిల్ల. నాకంటే ఎంతో పెద్దది కాదు, సన్నగా, మాటకు ముందు అండీ మాటకు వెనక అండీ. గుంపు చివరన ఉన్న పెంకుటిల్లు ఆమెకు అలికి ఇచ్చాం. ఇక ఆమెకు మేం చేసిన మర్యాద ఏం చెప్పను! బిందె ముట్టుకోనిచ్చేవాళ్ళం కాదు, నీళ్ళు మేమే మోసేవాళ్ళం. రోజుకొక ఇంటి నుంచి కూర గిన్నె వెళ్ళేది. కుంపటి వెలిగించబోతే "అయ్యో నర్సమ్మా, నీకెందుకమ్మా" అని లాక్కునేవాళ్ళం. ఆమె వస్తుంటే అరుగు మీద కూర్చున్న ఆడవాళ్ళు మాటలాపి లేచి నిలబడేవాళ్ళు. ఒకసారి ఆమె తలుపుకు లోపలి గడియ సరిగా పడటం లేదండీ, బాగు చేయిస్తారా అని అడిగింది. అందరూ నవ్వారు. "మా గుంపుల దొంగలెవరమ్మా? ఇంటికి తలుపే లేనోల్లున్నరు!" అన్నారు గర్వంగా. మా గుంపులో దొంగతనం లేదన్నది నిజం. ఆమె కూడా నవ్వినట్టు మొహం పెట్టి లోపలికి వెళ్ళిపోయింది.

వానలు మొదలయ్యాక ఆ ఇంటి కప్పు కారిందని, దాన్ని బాగు చేసే సంగతి మాట్లాడుకోవాలని అత్త మళ్ళీ చాట పట్టింది. నేను వెంట ఉన్నాను. మేం ఆ చివరి ఇల్లు దాటి వెళ్ళిపోతుంటే సుశీల బయటికి వచ్చింది. రెండు చేతులా దోసిలి పట్టి బియ్యం తెచ్చింది. "నా వంతు కూడా తీసుకోండి. నేనూ వస్తాను మీటింగుకి" అంది. అత్త చెవులు మూసుకున్నంత పని చేసింది. "అయ్యయ్యో! నువ్వు మా ఇంటికొచ్చిన బిడ్డవు. నీ కాడ బియ్యం తీసుకుంటె మా గుంపు పరువు పోదా? నువ్వు లోపల కూసో తల్లీ, నీకు అన్నం మేం పంపిస్తం" అంది. చుట్టానికి పెట్టాలి గానీ చుట్టం దగ్గర తీసుకోకూడదు, మా దగ్గర అది ఎప్పటి నుంచో ఉన్న కట్టుబాటు. మేం ముందుకు నడిచాం. నేను వెనక్కి చూస్తే ఆమె ఆ దోసిలి అట్లాగే పట్టుకుని నిలబడి ఉంది. ఆ ఇంటి కప్పు గురించి, ఆ ఇంట్లో ఉండే మనిషి లేకుండానే మాట్లాడుకుని, ఆమెకు విస్తరిలో అన్నం పంపించాం.

కొన్నాళ్ళకు మందులు తెచ్చుకోవాలని చెప్పి సుశీల వాగు దాటింది. అప్పుడు వాగు మోకాళ్ళ లోతే. ఆమె తిరిగి రాలేదు. మర్నాడు ముసురు పట్టింది, వాగు పొంగింది. ఆ ముసురులోనే ఒక పొద్దున మా అక్కకు నొప్పులు వచ్చాయి. మంత్రసాని చేతనైనంత చేసి, బిడ్డ అడ్డం తిరిగింది, నా వల్ల కాదని చేతులెత్తేసింది. అక్కను మంచం మీద వేసి మగవాళ్ళు గట్టుకు మోసుకొచ్చారు. ఎర్రనీళ్ళు చెట్ల కొమ్మల్ని తెచ్చి మా ముందు తిప్పి లాక్కుపోతున్నాయి. అవతల గట్టు కనబడుతూనే ఉంది. తాటాకు గొడుగు కింద అక్క "అత్తా, నర్సమ్మేదే? నర్సమ్మను తెచ్చిన అంటివి గదనే" అని అడుగుతూనే ఉంది. కోటమ్మత్త గొడుగు కాడ పట్టుకుని అవతల గట్టు వైపే చూస్తోంది. అక్క బతికింది. బిడ్డ చచ్చి పుట్టింది. ఆడపిల్ల. జుట్టు ఒత్తుగా ఉంది.

నీళ్ళు తీశాక అత్త దవాఖానాకు బయల్దేరింది. నర్సు కొప్పు పట్టుకుని ఈడ్చుకొస్తుందనే అందరూ అనుకున్నారు. నేనూ అదే అనుకున్నాను, అదే జరగాలని కోరుకున్నాను కూడా. ఆపడానికి అమ్మ నన్ను వెంట పంపింది. దవాఖానా వెనక ఒక గదిలో సుశీల కనబడింది. మమ్మల్ని చూడగానే గోడకు ఆనుకుపోయింది, అప్పటికే సంగతి తెలిసినట్టుంది. అత్త గడప దగ్గర కింద కూర్చుంది. తర్వాత "మా కాడ నీకేం కష్టమైంది బిడ్డా?" అంది.

సుశీల ఏడ్చింది. ఏడుస్తూనే చెప్పింది. "అన్నీ చేశారండీ. ఎవరూ నా దగ్గర కూర్చోలేదు. నేనొస్తే లేచి నిలబడేవారు. ఇంక ఎవరితో చెప్పుకోనండీ? రెండుసార్లు ఎవరో తలుపు తోశారు. లోపలి నుంచి వీపు ఆనించి కూర్చున్నాను, తెల్లారేదాకా. గడియ అడిగితే నవ్వారు."

"ఎవడు?"

"తెలీదండీ. కుక్కేమో కూడానండీ."

"కుక్కయితె నువ్వు గడియ అడగవు బిడ్డా" అంది అత్త. ఆమెను తిరిగి రమ్మని అడగలేదు. లేచి వాగు దాకా నడిచింది. వాగులో దిగాక అక్కడ ఆగి, నా వైపు చూడకుండా, "ఆఫీసరును అడిగితిమి. ఎప్పటిలోగ అని గూడ అడిగితిమి. ఆ పిల్లను అడగకపోతిమి గదనే" అంది. అడగందే అమ్మయినా పెట్టదని మాటకు ముందు అనే మనిషి.

ఆ తర్వాత ఏదో మంచి జరిగిందని రాయాలని నాకూ ఉంది. అత్త గుంపులో అందరి ముందు నిలబడి నర్సు చెప్పిందంతా చెప్పింది. మగవాళ్ళు మండిపడ్డారు. పరాయి పిల్ల మాట పట్టుకుని సొంత గుంపు మీద నింద వేస్తావా అన్నారు. తలుపు తోసింది ఎవరో ఎన్నటికీ తేలలేదు. అన్నేళ్ళూ ఆమె చాటలో బియ్యం పోసిన కొన్ని ఇళ్ళు ఆ తర్వాత పోయలేదు. కొత్త నర్సు రావడానికి మరో వానాకాలం గడిచింది. ఆ నర్సు వచ్చిన రోజే అత్త చాట పట్టుకుని ముందుగా ఆమె గుమ్మంలోనే నిలబడి బియ్యం అడిగింది. మా అమ్మ సిగ్గుతో చచ్చిపోయింది. మా అక్క మాత్రం అత్తను క్షమించలేదు. అక్కకు మళ్ళీ కడుపు పండలేదు. "గెలిచినం గెలిచినం అని డప్పు కొట్టించింది, నా బిడ్డకు పాడె కట్టించింది" అనేది. అత్త పోయినప్పుడు కబురు పంపితే రాలేదు. పోయిన ఏడు అక్క తను పోయేదాకా అత్త పేరు తలవలేదు. అత్త తప్పు ఎంత, గుంపు తప్పు ఎంత అని నేను ఆమెతో వాదించలేదు. బిడ్డను పోగొట్టుకున్న మనిషితో ఏం వాదిస్తాం?

ఇదంతా మౌనికకు చెప్పాను. విన్నంత సేపూ ఫోను బోర్లా పెట్టి విన్నది. అయిపోయాక దానికి కోపం వచ్చింది, మా ఇంటి పిల్లే కదా. "అంటె నేను చేసింది తప్పంటవా? ఆమె డ్యూటీకి రాకున్న ఊకుండాల్నా? అప్పటి లెక్క వేరే అత్తా. ఇప్పుడు చదువుకున్న నర్సులు, స్కూటీలున్నయి, రోడ్డున్నది."

"అడుగుడు తప్పని నేనెందుకంట? ఎందుకు వస్తలేవని అడిగినవా ఆమెను?"

"అడిగిన గదా. వీడియోల నువ్వే ఇన్నవ్."

"వీడియో లేకుండ అడిగినవా?"

మౌనిక లేచి వంటింట్లోకి వెళ్ళి తనే టీ పెట్టింది. చక్కెర డబ్బా మూత ఠపీమని పెట్టిన చప్పుడు వినబడింది. టీ తాగాక, ఆ నర్సు పేరు రజిత అని, భద్రాచలంలో కిరాయికి ఉంటుందని, పోతూ పోతూ దిగి చూస్తానని అంది. "నువ్వు గూడ రా" అని నా వైపు చూడకుండా అంది. మర్నాడు పొద్దున్నే భద్రాచలం బస్సు ఎక్కాం.

రామాలయం వెనక సందులో మేడ మీద ఒక గది. తలుపు తీసింది నర్సే. నలభై దాటిన మనిషి, ఎడమ మణికట్టుకు బెల్టు పట్టీ కట్టుకుని ఉంది. మౌనికను చూసి తలుపు మూయబోయి, దాని పొట్ట చూసి ఆగింది. మౌనిక ఫోను తీసి నా చేతిలో పెట్టింది. "నువ్వు బయటనే ఉండత్తా" అని లోపలికి వెళ్ళింది. నేను మెట్ల మీద కూర్చున్నాను.

ఇక రజిత మొదలుపెట్టింది. "ఏంది, ఇంకో వీడియో తీయనీకి వచ్చినవా? మా అమ్మ గూడ చూసింది, తెలుసా? నా కొడుకు కాలేజీల చూసిండు. ఇంకో రెండు సబ్ సెంటర్లు గూడ నా మీదనే వేసిండ్రు, ఒక్కటి తెరిస్తె మిగిలిన రెండిటికి తాళమే. మొన్న వాగుల స్కూటీ పడి చెయ్యి విరిగింది, పట్టీ కట్టుకొనే వచ్చిన. ఆ దినమే నువ్వు ఫోను పట్టుకొని నిలబడ్డవ్. చెయ్యికేమైంది సిస్టర్ అని ఒక్కదానివన్న అడిగినవా? గన్ని ఏండ్లు మీ గుంపుల సూదులు వేసిన, మీ చెల్లె కాన్పు నేను చేసిన." వింటున్న నాకే మొహం వేడెక్కింది. అంత నోరున్న మౌనిక, మధ్యలో ఒక్కసారి కూడా అడ్డం పడలేదు.

చివరికి రజిత అలిసిపోయి ఆగింది. కాసేపటికి గొంతు మారింది. "కాళ్ళేంది గట్ల వాచినయి? ఎప్పటి సంది? తల నొస్తుందా? చెయ్యి ఇటు తే." ఏదో సంచీ వెతికిన చప్పుడు, బీపీ మిషను గాలి కొట్టిన చప్పుడు. నేను లేచి గుమ్మంలోకి వచ్చాను. మౌనిక కింద చాప మీద కూర్చుని ఉంది, రజిత దాని ఎదురుగా కింద కూర్చుని బీపీ పట్టీ విప్పుతోంది. మిషను చూసిన ఆమె మొహంలో కంగారు కనబడింది. "బీపీ మస్తుగున్నది. గుంపుకు పోవొద్దు. ఇటునుంచి ఇటే దవాఖానాకు పో, ఇయ్యాల్నే" అంది.

మౌనిక లేవలేదు. కళ్ళు తుడుచుకుంది. "పోత సిస్టర్. మరి మా గుంపుల మిగిలినోల్లకు ఎవరు చూస్తరు?"

రజిత చేతిలోని మిషను పక్కన పెట్టింది. "నన్ను తీసేయించి, ఆ మాట నన్నే అడుగుతున్నవా నువ్వు?"

"అవ్ సిస్టర్" అంది మౌనిక. "మిమ్ముల్నే అడుగుతున్న. అప్పుడు అడగకపోతిని."